పాదరసము ఐదవ గతి

రసశాస్త్రము వ్రాసిన ప్రాచీనులు పాదరసమునకు ఐదు గతులు కలవని చెప్పిరి. నీటివలె జారిపోవుట ఒకటి. హంసవలె తేలికయై లేచిపోవుట రెండవది. మలినములతో కలిసి పోవుట మూడవది. సెగ తగిలినప్పుడు పొగయై పోవుట నాలుగవది. ఈ నాలుగును కంటికి కనబడునవి. ఐదవది మాత్రము దేహమును విడిచి జీవుడు పోవునట్లు పోవును. దానిని ఎవ్వరును చూడజాలరు. మంత్రధ్యానాదులచేతనే దానిని నిలుపవలెనని వారి మతము.

ఈ ఐదవ గతి వట్టి కల్పన అని త్రోసివేయుట తేలిక. కాని మూసలోను, డమరు యంత్రములోను రేయింబవళ్లు పాదరసమును వండినవారికి ఒక అనుభవము కలిగియుండవలెను. వేసినప్పటి తూకమును, తీసినప్పటి తూకమును సరిపోవు. పొగ కనబడలేదు, ఒలికినది లేదు, అయినను సరకు తరిగినది. ఎక్కడికి పోయినది? ఆ ప్రశ్నకే వారు ఐదవ గతి అని పేరు పెట్టిరని మేము తలచుచున్నాము. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుట ఈనాటి శాస్త్రజ్ఞులకును ముఖ్యమైన పనియే. వారు వెదకుచున్న చోటు మూస గాదు, సముద్రము మీది గాలి. వారి సాధనము మంత్రము గాదు, ఐసోటోపు.

మిడుతూరు వంటి ఊరివారికి ఈ సంగతితో ఏమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. మిడుతూరు సముద్రమునకు దూరమైన నల్లరేగడి నేల. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడువరకు అది కర్నూలు జిల్లాలోనిది. ఆ పొలముల తూర్పు దిక్కున నల్లమల కొండలు, ఆ కొండలలో శ్రీశైలము కలవు. బ్రిటిషువారి కాలపు గెజిటీరులు శ్రీశైలమును నందికొట్కూరు తాలూకాలోని క్షేత్రముగానే పేర్కొన్నవి. కనుక పాదరసమును గూర్చి భారతదేశములో జరిగిన పెద్ద అన్వేషణకు ఒక ముఖ్యస్థానము మన ఇరుగుపొరుగుననే యున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

శ్రీపర్వతమునకు ఆ ప్రసిద్ధి చాల ప్రాచీనమైనది. 7వ శతాబ్దమునందు బాణభట్టు తన కాదంబరిలో ఒక ముసలి ద్రవిడ సాధువును హాస్యముగా చిత్రించెను. ఆ సాధువునకు శ్రీపర్వతపు వింతకథలు వేయి తెలియును. సరిగా సిద్ధము కాని రసాయనమును మ్రింగి అతడు లేనిపోని జ్వరమును తెచ్చుకొన్నాడట. కవి నవ్వించుటకే ఇది వ్రాసెను. కాని మాకు అందులో రసాయనసేవ వలన కలుగు అపాయమును గూర్చిన తొలినాటి లోకజ్ఞానము కనబడుచున్నది. నిత్యనాథ సిద్ధుని రసరత్నాకరములో రసాయనఖండము చివర శ్రీపర్వతమునందలి చోట్లను, అక్కడ దొరకు సిద్ధద్రవ్యములను వర్ణించు భాగము కలదు. 15వ శతాబ్దపు గౌరన తన నవనాథచరిత్రమును శ్రీశైలపు భిక్షావృత్తి మఠము ఆశ్రయమున ద్విపదగా రచించెను. వేమనను గూర్చిన కథలలో సైతము పరుసవేది రాకమానదు. రసవాదమనునది మన పల్లెలలో పండితులకు మాత్రమే తెలిసిన మాట కాదు. ఉన్న ఆస్తిని బంగారము చేయబోయి పోగొట్టుకొన్నవానిని రసవాది అని వేళాకోళము చేయుట కద్దు.

ఇక్కడ ఒక చిక్కు తీర్చుకొని ముందునకు పోవలెను. రసవాదమునకు నాగార్జునుని మూలపురుషునిగా చెప్పుదురు. మాధ్యమిక దర్శనమును స్థాపించిన బౌద్ధాచార్యుడును ఆయనయే అని మనవారు కలిపి చెప్పుట వాడుక. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆ ఆచార్యుడు రాళ్లను బంగారముగా మార్చెనన్న కథను వినెను. కాని 1030 ప్రాంతమున అల్‌బెరూనీ చెప్పిన రసవాది నాగార్జునుడు సోమనాథమునకు సమీపమందలివాడు. తనకు నూరేండ్లకు మునుపటివాడని అతని లెక్క. ఇద్దరిని ఒక్కరిని చేయుట చరిత్రకు ఇమడదు. అట్లే ఇక్ష్వాకుల శాసనములలోని శ్రీపర్వతము నాగార్జునకొండ ప్రాంతము. దానిని నేటి శ్రీశైలముతో తబ్బిబ్బు చేయరాదు. పేర్లు కలియుటచేత కథలును కలిసినవి.

పాదరసము మన దేశమున గనులలో దొరకు వస్తువు కాదు. ఇంగిలీకము పశ్చిమోత్తరమునందలి దరదదేశమునుండి వచ్చినదగుటచేత దానికి దరదమనియు పేరు కలిగినది. పిమ్మట చీనానుండియు, స్పెయినులోని అల్మదేను గనులనుండియు ఓడలమీద దిగుమతి యయ్యెను. ఇంత దూరమునుండి తెచ్చిన ఖరీదైన సరకు గనుకనే అది ఎగిరిపోకుండ కట్టివేయుట మన రసవాదులకు పెద్ద విద్యయైనది. దానికే రసబంధమని పేరు. గంధకముతో నూరి కజ్జలి చేయుట, ఆ కజ్జలిని ఇసుక కుండలో వండి రససింధూరమును దింపుట, ఉప్పుతో చేర్చి వండి రసకర్పూరమును తీయుట, ఇవన్నియు బంధించు ఉపాయములే. ఉప్పుతో కలిపి వండు ఈ చివరి పద్ధతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. సముద్రము మీది గాలిలో జరుగునదియు ఇంచుమించు అటువంటి పనియే.

మన రసశాస్త్రగ్రంథములను ఆధునికలోకమునకు పరిచయము చేసినవారిలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి ముఖ్యులు. ఆయన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటము 1902 లోను, రెండవది 1909 లోను వెలువడినవి. ఆయన స్వయముగా పాదరసముతో పనిచేసినవారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాదరసపు నైట్రైటును తయారుచేసి 1896 లో ప్రకటించిరి. ఒక చేతితో తాళపత్రమును, ఒక చేతితో గాజునాళికను పట్టిన ఇట్టివారు చాల అరుదు.

పడమటి దేశములలో పాదరసముయొక్క మార్పు రసాయనశాస్త్రమునకే పునాది యైనది. 1774 ఆగస్టు 1వ తేదీన ప్రీస్ట్లీ పాదరసపు ఎఱ్ఱభస్మమును భూతద్దముతో సూర్యకిరణములు పట్టి వేడిచేసి, అందుండి వెలువడిన వాయువులో క్రొవ్వొత్తి ప్రకాశమానముగా మండుట చూచెను. పిదప ఫ్రాన్సులో లెవోషియే పాదరసమును మూసిన పాత్రలోని గాలిలో 12 దినములు వేడిచేసెను. పాదరసముపై ఎఱ్ఱని రజము తేలినది. గాలి ఇంచుమించు ఆరవవంతు తరిగినది. ఆ రజమును కూడబెట్టి తూచగా 45 గ్రెయినులు. దానినే మరింత వేడిచేయగా 41½ గ్రెయినుల పాదరసము తిరిగి వచ్చినది. తక్కిన భాగము ప్రాణవాయువై పోయినది. మన ఐదవ గతికి త్రాసుతో పట్టిన మొదటి లెక్క ఇదియే. గాలిలోని ప్రాణవాయువు పాదరసమును కట్టును, సెగ దానిని విప్పును.

అయితే లెవోషియే పాత్రలో జరిగినది ఆరుబయలు గాలిలో జరుగుట లేదు. అంత వేడి అక్కడ లేదు. చల్లని గాలిలో పాదరసపు ఆవిరి ప్రాణవాయువును లక్ష్యపెట్టదు. బొగ్గు మండించినప్పుడును, అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడును, పాదరసముతో ముడిరాతినుండి బంగారమును పట్టి ఆ ముద్దను కాల్చినప్పుడును లేచిన ఆవిరి విడి అణువులుగా గాలిలో తిరుగుచు ఆరు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమువరకు నిలుచును. ఈ కాలములో అది భూగోళమును చుట్టి రాగలదు. ఉత్తరార్ధగోళమున ఘనమీటరు గాలికి సుమారు ఒకటిన్నర నానోగ్రాము పాదరసమున్నది. నానోగ్రామనగా గ్రాములో నూరు కోట్లవ వంతు. ఒక్క గ్రాము పాదరసమును అరువదియారు కోట్ల ఘనమీటర్ల గాలిలో చల్లినట్లు. ఇంత స్వల్పమునకు భయపడనేల అనిపించును. భయము గాలిలో లేదు. గాలినుండి అది నీటిలోనికి దిగుటలో నున్నది.

నీటిలో దిగిన పాదరసములో కొంత భాగమును సూక్ష్మజీవులు మిథైలు పాదరసముగా మార్చును. ఇది చేపలో చేరును. చిన్న చేపను మ్రింగిన పెద్ద చేపలో మరింత చేరును. సొర వంటి వేటాడు చేపలలో ఇది ఎక్కువగా నుండుటకు కారణమిదే. దాని ఫలము ఏమో జపానులోని మినమాటా ఊరు లోకమునకు చూపినది. అక్కడి కర్మాగారము విడిచిన పాదరసము అఖాతమున చేరి, చేపలద్వారా బెస్తకుటుంబముల కడుపులోనికి పోయినది. 1956 మే 1వ తేదీన ఆ వ్యాధి అధికారికముగా గుర్తింపబడినది. తల్లికి పైకి ఏ లక్షణమును కనబడకపోయినను గర్భములోని శిశువునకు మెదడు చెడినది. ఆ ఊరిపేరనే పాదరసమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 2013 లో కుదిరి, 2017 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. భారతదేశము దానిని 2018 లో ధ్రువపరచినది.

మినమాటాలో పాపము ఒక గొట్టము చివర నుండెను, వ్రేలుపెట్టి చూపవచ్చును. కాని ఏ గొట్టమును లేని నడిసముద్రములోని చేపలో పాదరసమెట్లు వచ్చినది? గాలిలో ఎంతో నిబ్బరముగా తిరుగు ఆవిరిని నీటిలోనికి దింపు శక్తి ఏది?

ఉత్తరము మొదట మంచుదేశమునుండి వచ్చెను. కెనడాకు ఉత్తరపు కొసనున్న అలర్ట్ అను కేంద్రమున 1995 లో ష్రోడరు మొదలైనవారు గాలిలోని పాదరసమును ఎడతెగక కొలుచుచుండిరి. దీర్ఘరాత్రి ముగిసి సూర్యుడు తిరిగి కనబడిన వసంతమున గాలిలోని పాదరసము కొన్ని గంటలలో దాదాపు మాయమగుట చూచిరి. యంత్రము చెడినదనుకొనుటయే సహజము. కాని అదే సమయమున ఓజోను కూడ మాయమగుచుండెను. 1998 లో ఈ సంగతి ప్రకటితమైనది. దీనికి కారకుడు బ్రోమిను. సముద్రపు ఉప్పులోనుండి వెలుతురు తగిలి విడివడిన బ్రోమిను అణువు ఓజోనును తినును, పాదరసమును కట్టును.

బ్రోమినును 1826 లో కనుగొన్న బలారు ఫ్రాన్సులోని ఉప్పుమళ్ల చేదునీటినుండియే దానిని తీసెను. మన చినగంజాము ఉప్పుకొటారులలో ఉప్పు గట్టిపడిన పిమ్మట మిగులు చేదునీటిలోను అది యున్నది. లీటరు సముద్రజలములో సుమారు 65 మిల్లీగ్రాములుండును. అలలు విరిగినప్పుడు లేచు తుంపరలు ఎండి ఉప్పురజమై గాలిలో తేలుచుండగా, ఆ రజమునుండి బ్రోమిను విడివడును. పగటివేళ అది పాదరసమును పట్టుకొనును. ఆ కలయిక ఊగిసలాడునది. వెంటనే మరియొక అణుసమూహము తోడు దొరకిననే స్థిరపడును, లేకున్న తిరిగి విడిపోవును. స్థిరపడిన పాదరసము నీటిలో సులభముగా కరగును. తుంపర దానిని పీల్చుకొనును, వాన దానిని కడుగును. ఎండమండు మృతసముద్రము మీదను ఇట్లే జరుగుచున్నదని 2011 లో ప్రకటింపబడినది గనుక ఇది మంచుదేశపు వింత మాత్రమే కాదు. నడిసముద్రములలో సయితము ఈ బంధిత పాదరసము మధ్యాహ్నమునకు హెచ్చి రాత్రికి తగ్గుచుండును. మన రసకర్పూరపు కుండ అడుగున కట్టెలు మండినవి. ఇక్కడ సూర్యుడే పొయ్యి.

ఇంతవరకు పరిమాణములను కొలుచుటయే. పరిమాణము ఎంతయున్నదో చెప్పును గాని, ఏ దారిన వచ్చినదో చెప్పదు. దారి చెప్పవలెనన్న ప్రతి అణువునకు ఒక గుర్తు కావలెను. ఆ గుర్తు ప్రకృతియే పెట్టియుంచినది.

ఒకే మూలకములో బరువు భేదము గల అణువులున్నవని 20వ శతాబ్దపు తొలినాళ్లలో తెలిసినది. ఆవర్తపట్టికలో అవన్నియు ఒకే గడిలో కూర్చుండును గనుక 1913 లో సోడి వానికి ఐసోటోపులని పేరు పెట్టెను. ఆ పేరు సూచించినది మార్గరెట్ టాడ్ అను వైద్యురాలు. మన పాఠ్యపుస్తకములలో సమస్థానీయములని వ్రాయుదురు. పాదరసమునకు స్థిరమైనవి ఏడు: 196, 198, 199, 200, 201, 202, 204. వీనిలో 202 దాదాపు నూటికి ముప్పది వంతులు. 196 నూటికి ఆరవవంతైనను లేదు.

1920 లో కోపెన్‌హాగెనులో బ్రాన్‌స్టెడ్, హెవెషి అను ఇద్దరు పాదరసమును తక్కువ పీడనమున మెల్లగా ఆవిరిచేసి, ద్రవవాయువుతో చల్లార్చిన గాజుపై పేరుకొనజేసిరి. తేలిక అణువులు ముందుగా లేచినవి. క్రింద మిగిలిన పాదరసము పైకి పోయినదానికంటె కొంచెము సాంద్రమైనది. ఊర్ధ్వపాతన యంత్రములో మన సిద్ధులు వందలసారులు చేసిన పనియే ఇది. వారి త్రాసుకు ఈ భేదము అందలేదు, అంతే.

ఈ హెవెషియే ఐసోటోపులతో జాడ తీయు విద్యకు ఆద్యుడు. 1943 సంవత్సరపు నోబెలు బహుమానము ఆయనకు వచ్చినది అందుకే. మాంచెస్టరులో పూటకూళ్ల యింటి యజమానురాలు మిగిలిన వంటకమునే మరల వడ్డించుచున్నదని అనుమానించి, విడిచిన ముద్దలో రేడియోధార్మిక పదార్థమును చల్లి, కొన్ని దినములకు వచ్చిన వంటకమును పరికరముతో పరీక్షించి ఆమె గుట్టు బయటపెట్టెనని చెప్పుకొందురు. పాదరసము విషయములో మనమేమియు చల్లనక్కరలేదు. ఏడు గుర్తులు అందులోనే యున్నవి.

ఒక చిత్రమును ఇక్కడ చెప్పక పోజాలము. 1924 లో బెర్లినులో మీథే అను ఆచార్యుడు పాదరసపు దీపములో బంగారము పుట్టినదని ప్రకటించి లోకమును ఉఱ్ఱూతలూగించెను; అది పొరపాటని త్వరలోనే తేలినది. 1940 లో అమెరికాలో వీన్సు, ఆల్వరెజు తలక్రిందులు పని చేసిరి. బంగారమును న్యూట్రానులతో కొట్టగా అది కొలది దినములలో 198 పాదరసముగా మారినది. స్వచ్ఛమైన ఆ ఒక్క ఐసోటోపుతో చేసిన దీపపు ఆకుపచ్చని రేఖ పొడవును కొలుచుటకు ప్రమాణముగా పనికివచ్చినది. వేయియేండ్లు మానవుడు పాదరసమును బంగారము చేయగోరెను. చేతనైననాడు బంగారమును పాదరసము చేసెను. దానిలో నష్టమేమియు లేదు, జ్ఞానము దొరకినది.

గాలిలోని పాదరసమును పట్టుటకును బంగారమే వల. బంగారు పూత పూసిన పూసలమీదుగా గాలిని పీల్చిన, ఆవిరి బంగారమునకు అంటుకొనును, వేడిచేసిన విడిపోవును. ఐసోటోపులను కొలుచుటకు కొన్ని నానోగ్రాములు కావలెను గనుక పది, ఇరువది ఘనమీటర్ల గాలిని ఒకటి రెండు దినములు పీల్చవలసి యుండును. అట్లు కూడిన పాదరసమును కాంతిజ్వాలలో విద్యుదావేశపరచి, అయస్కాంతక్షేత్రములో వంచి, ఏడు దారులుగా విడదీయుదురు. వెదకుచున్న భేదము పదివేలలో ఒక వంతు. ఇంతటి యంత్రములు గత శతాబ్దము చివరికి గాని పనికి రాలేదు.

కళ్ళములో జొన్నలు తూర్పార పట్టుట మన సీమలో ఎల్లరును చూచినదే. గాలికి పొట్టు దూరముగ పోవును, గింజ దగ్గర పడును. రసాయనమార్పులలో కూడ తేలిక ఐసోటోపు ఒక వైపు, బరువైనది ఒక వైపు మొగ్గును. ఈ మొగ్గు బరువు వరుసనే యుండవలెను: 198 కంటె 200, దానికంటె 202. కాని 2007 లో బెర్గ్‌క్విస్టు, బ్లమ్ అను శాస్త్రజ్ఞులు ఒక వింతను చూపిరి. నీటిలో కరగిన పాదరసముపై సూర్యకాంతి పడి అది మరల ఆవిరియై పోవునప్పుడు బేసిసంఖ్యలవి, అనగా 199, 201, వరుస తప్పుచున్నవి. బరువుతో నిమిత్తము లేకుండ నీటిలో ఎక్కువగా మిగిలిపోవుచున్నవి. బేసి కేంద్రకములకు చిన్న అయస్కాంతమువంటి స్వభావముండుట దీనికి కారణమని చెప్పుదురు. నీటిలో మిగిలిన ఆ గుర్తు చేపలోనికి ఎక్కును. చేపముక్కను పరీక్షించి అందలి పాదరసము ఎంత వెలుతురు చూచి వచ్చినదో చెప్పవచ్చునన్నమాట. ఆర్కిటిక్ మంచులో మాత్రము ఫలము తలక్రిందులు. అక్కడ మంచులో మిగిలిన పాదరసమునకు బేసి ఐసోటోపులు తక్కువని 2010 లో తెలిసినది. గుర్తును బట్టి నీటి దారి వేరు, మంచు దారి వేరు అని విడదీయవచ్చును.

సముద్రవాయువులో పాదరసమును కట్టు చేయి ఏదో తెలిసికొనుటకు 2016 లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో క్లోరిను అణువులతోను, బ్రోమిను అణువులతోను వేరువేరుగా పాదరసపు ఆవిరిని మార్చిచూచిరి. రెండును ఉప్పునుండి పుట్టిన సోదరులే, కాని ఐసోటోపులను ఎదురెదురు దిక్కులకు త్రోసినవి. క్లోరిను తేలికవానిని ముందుగా పట్టినది, బ్రోమిను బరువైనవానిని. ఇద్దరి వ్రేలిముద్రలును వేరని తేలినది. ఇక సముద్రతీరమున పట్టిన గాలిలో ఆ ముద్రలను వెదకవచ్చును. అక్కడ పని అంత తేలిక కాదు. ఒక దారి గుర్తుపై మరియొక దారి గుర్తు పడి చెరపును. బండ్లబాటలో చక్రపుజాడలవలె వానిని విడదీయవలెను.

అన్నిటికంటె విచిత్రము 200 అను సరిసంఖ్య ఐసోటోపు. 2010 లో అమెరికా మహాసరస్సుల ప్రాంతపు వానలలో ఇది కొంచెము ఎక్కువై యుండుట గ్రాట్జ్ మొదలైనవారు చూచిరి. ఆవిరి రూపములోని పాదరసములో అది కొంచెము తక్కువ. క్రింది గాలిలో, నీటిలో జరుగు మార్పులు ఈ గుర్తును పుట్టించవు, చెరపవు. అది ఆకాశపు పై అంతస్తులలో పుట్టుచున్నదని పెక్కుమంది ఊహ. ఎట్లు పుట్టుచున్నదో ఇంకను వాదములోనే యున్నది. కారణము తేలకున్నను గుర్తు చెల్లుబాటగుచున్నది. సముద్రజలములోని పాదరసమును తీసి 200 ను కొలిచిన, వానతో దిగినదెంత, ఆవిరిగానే గాలినుండి నీటిలో కరగినదెంత అని చెప్పవచ్చును.

2021 లో యిస్‌క్రా మొదలైనవారు మధ్యధరా, అట్లాంటిక్ సముద్రజలములలో ఈ లెక్క వేసిరి. అంతకుమునుపు గణితనమూనాలు వాన మొదలైనవానితో దిగినది మూడు పాళ్లు, ఆవిరిగా కరగినది ఒక పాలు అని చెప్పుచుండెను. కొలువగా రెండును ఇంచుమించు సరిసమానమని తేలినది. అనగా సముద్రము వానకై వేచియుండక తానే గాలినుండి పాదరసమును పీల్చుచున్నది. మంత్రధ్యానాదులతో నిలుపవలెనన్న ఆ కనబడని గతికి ఇది సంఖ్యలలో వ్రాసిన చిరునామా.

మన దేశమున పాదరసముయొక్క జాడ తీయుపని స్వల్పముగానే జరిగినది. ప్రపంచమంతట 2010 నుండి ఐదేండ్లు నడచిన పరిశీలనాజాలములో మన దక్షిణాదినుండి కొడైకానలు ఒక కేంద్రముగా నుండెను. ఆ కొండయూరికే పాదరసముతో మరియొక చేదు సంబంధమున్నది. 1980లలో అక్కడ పెట్టిన ఉష్ణమాపకముల కర్మాగారము 2001 లో మూతపడెను. అక్కడి నేలలోను, చెట్ల నాచులోను మిగిలిన పాదరసమును గూర్చి చాలకాలము వివాదము సాగినది.

తెలుగుదేశపు తీరమున విశాఖపట్టణము వద్ద, నెల్లూరు కృష్ణపట్టణము వద్ద బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రములు సముద్రమునకు ఆనుకొని యున్నవి. బొగ్గులో సహజముగా కొంత పాదరసముండును. పొగగొట్టము దాటిన వెంటనే అది ఉప్పుగాలిలో పడుచున్నది. ఎగిరిన దానిలో ఎంత అక్కడనే బంధింపబడి వలలు వేయువారి నీటిలో దిగుచున్నది, ఎంత ఆవిరిగానే దూరదేశములకు పోవుచున్నది అనునది తీరమునందలి బెస్తవారికి అక్కర గల ప్రశ్న. దూరదేశపు పాదరసము మన నీటిలో దిగుచున్నప్పుడు మన పొగను మాత్రమే తగ్గించిన చాలదు. ఇక్కడిదే ఇక్కడ దిగుచున్నచో మన పొగను తగ్గించిన మన చేప బాగుపడును. ఈ రెంటిలో ఏది నిజమో బరువు కొలిచి చెప్పజాలము. ఐసోటోపులే చెప్పవలెను.

మిడుతూరు మాటకు వచ్చినచో, ఆ జొన్నచేలపై కురియు వాన కొంత నైరుతి ఋతుపవనముతో అరేబియా సముద్రమునుండి, కొంత బంగాళాఖాతపు వాయుగుండములనుండి వచ్చునది. ఉప్పుగాలిలో బ్రోమిను కట్టిన పాదరసములో కొంత ఆ మేఘములతో కలిసి కొండలు దాటి లోతట్టునకు వచ్చును. దానిని పరీక్షింపదలచినవారికి పెద్ద సన్నాహమేమియు అక్కరలేదు. ఆమ్లముతో బాగుగ కడిగిన గాజు గరాటును దుమ్ము తగలనిచోట ఎత్తున నిలిపి, వాన మొదలైనప్పుడు మూత తీసి, ఆగినప్పుడు మూయవలెను. క్రింది సీసాలో చేరిన ఒకటి రెండు లీటర్ల నీటికి పాదరసము ఎగిరిపోకుండ కొంచెము ఆమ్లము చేర్చి, చీకటిలో భద్రపరచి ప్రయోగశాలకు పంపవలెను. వెలుతురు తగిలిన సీసాలోనే ఐదవ గతి మొదలగును.